కార్డు మీద తువాలు

అమెరికాలో ఉన్న పిల్లల్ని చూడటానికి బయలుదేరే తల్లిదండ్రులు ఇప్పుడు మనలో వీధికొకరు ఉన్నారు. ఆవకాయ సీసా మూత ఊడకుండా బిగించటంలో వారు చూపే శ్రద్ధ క్రెడిట్ కార్డు విషయంలో చూపరు. కార్డు జేబులో ఉంటే చాలునని ధీమా. కాని, ఖర్చు పెట్టని డబ్బు కూడా కార్డులో తరిగిపోయే చిత్రం ఒకటి ఉంది. ముప్పయ్యేళ్ళు బ్యాంకులో పద్దులు చూసినవాణ్ణి గనుక, ఆ సంగతి కాస్త విడమరచి చెబుతాను.

మన ఊళ్ళో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువాలు వేయటం అందరూ ఎరిగినదే. ఆ సీట్లో ఇంకా ఎవరూ కూర్చోలేదు, టిక్కెట్టూ కొనలేదు. అయినా మరొకరు కూర్చోవటానికి వీల్లేదు. హోటలువారు, అద్దె కార్లవారు మన కార్డు మీద వేసేది ఇటువంటి తువాలే. దాన్ని ‘హోల్డ్’ అంటారు.

హోటల్లో దిగగానే గుమాస్తా కార్డు అడుగుతాడు. గది అద్దెకు తోడు, మనం అక్కడ తినబోయే తిండికీ, పగలగొట్టబోయే గాజు సామానుకూ హామీగా రోజుకు ఇంతని కలిపి, ఆ మొత్తాన్ని అట్టే పెట్టమని మన బ్యాంకును కోరతాడు. బ్యాంకు మన పరిమితిలోంచి అంత పక్కన పెడుతుంది. ఫోనులో చూస్తే ‘పెండింగ్’ అని కనిపిస్తుంది. అది బిల్లులోకి ఎక్కదు, దానిమీద వడ్డీ పడదు. కాని వాడుకోవటానికి మిగిలేది మాత్రం తగ్గిపోతుంది.

పెట్రోలు బంకుల తంతు మరొకటి. అక్కడ చాలా చోట్ల మనమే పోసుకోవాలి. ముందు కార్డు పెడితే గాని గొట్టం పనిచేయదు. ఎంత పోసుకుంటామో యంత్రానికి తెలియదు గనుక అది ముందే పెద్ద తువాలు వేస్తుంది. ఆ మొత్తం బంకును బట్టి మారుతుంది. దాని పై హద్దును వీసా, మాస్టర్‌కార్డు సంస్థలు 2022లో 125 డాలర్ల నుంచి 175 డాలర్లకు పెంచాయి.

ఇందులో వచ్చే చిక్కు ఏమిటో మా బావగారి అనుభవం చెబుతుంది. డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిన ఆయనా, అక్కయ్యా ఒక స్నేహితుడి కారులో శాన్ ఆంటోనియో చూడబోయారు. కార్డు పరిమితి లక్ష రూపాయలు. లెక్క తేలికగా ఉండటానికి డాలరు 90 రూపాయలనుకుందాం. హోటల్లో నాలుగు రాత్రులకు 600 డాలర్లు, హామీగా మరో 200. వెరసి 72,000 రూపాయలు. పెట్రోలు పోయించింది 40 డాలర్లకే అయినా, బంకువారు అట్టే పెట్టించింది 175. అంటే 15,750 రూపాయలు. మిగిలింది 12,250.

ఆ రాత్రి అక్కయ్యకు జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో 200 డాలర్లు కట్టమన్నారు. కార్డు చెల్లలేదు! బావగారు నాకు ఫోను చేసి, “ఏమోయ్, నలభై డాలర్ల పెట్రోలుకి లక్ష రూపాయల కార్డు కరిగిపోతుందటోయ్?” అని కేకలు వేశారు. స్నేహితుడు ఆదుకున్నాడు గనుక సరిపోయింది. కాని డబ్బుండీ పరాయి ఊళ్ళో ఒకరి ముందు చేయి చాచటం ఆయనకు తల కొట్టేసినట్టయింది.

దీనికి మందు లేకపోలేదు. బయలుదేరే ముందు పాత బాకీ కట్టివేసి పరిమితి ఖాళీ చేసుకోవాలి. వైద్యం వంటి అవసరాలకు రెండో కార్డు విడిగా ఉంచుకోవాలి. హోటల్లో దిగేటప్పుడే “హోల్డ్ ఎంత?” అని అడగటంలో నామోషీ లేదు. బంకులో లోపలికి వెళ్ళి, నలభై డాలర్లకు అని ముందే కట్టేస్తే పెద్ద తువాలు పడదు. ఇటువంటి హామీలకు డెబిట్ కార్డు ఇవ్వకపోవటం మేలు. అందులో ఆగిపోయేది బ్యాంకు ఇచ్చే అప్పు కాదు, మన సొంత సొమ్ము.

ఖాళీ చేసేటప్పుడు, దిగినప్పుడు చూపిన కార్డుతోనే బిల్లు కట్టండి. వేరే కార్డుతో కడితే మొదటి దాని మీది హోల్డ్ వెంటనే తొలగకుండా కొన్నాళ్ళు నిలిచిపోవచ్చు. బిల్లు చేరాక కూడా మిగతా మొత్తం విడుదల కావటానికి కొన్ని గంటలు మొదలు వారం పైచిలుకు పట్టవచ్చును. పెండింగ్‌లో చూపిన రూపాయలకూ, చివరికి పడ్డ రూపాయలకూ కాస్త తేడా ఉంటే కంగారు పడకండి. డాలరు ధర రోజూ మారుతుంది, దానిపై బ్యాంకు రుసుమూ ఉంటుంది.

రసీదులు మాత్రం పారేయవద్దు. ఇంటికి వచ్చిన రెండు వారాలకు కూడా తువాలు తొలగకపోతే, హోటలు బిల్లు చేతబట్టుకుని బ్యాంకును అడగండి. సీటు మీది, తువాలు తీయించుకునే హక్కు మీది.