గడియారం ఆగదు... సైకిలూ ఆగకూడదు!

తిన్నా, పడుకున్నా, పంక్చరైనా గడియారం ఆగదు. 90 గంటల్లో 1200 కిలోమీటర్లు తొక్కాల్సిందే!

అదే 'పారిస్‌-బ్రెస్ట్‌-పారిస్‌'. పారిస్‌ ప్రాంతం నుంచి అట్లాంటిక్‌ తీరంలోని బ్రెస్ట్‌ దాకా వెళ్లి తిరిగి రావాలి. 1891లో పందెంగా మొదలై, ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరిగే సైకిల్‌ యాత్రగా మారింది. 2023 తర్వాత మళ్లీ 2027లోనే. ఇందులో మొదటి, రెండో స్థానాలుండవు. గడువులోగా చేరితే అందరూ గెలిచినట్టే.

లెక్క వేస్తే గంటకు పదమూడున్నర కిలోమీటర్లు కూడా పడదు. పాలక్యాన్లు కట్టిన సైకిలూ ఆ వేగం అందుకుంటుంది. మరి కష్టమెక్కడ? గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కినా 60 గంటలు సీటు మీదే గడుస్తాయి. తిండికీ, నిద్రకీ, మరమ్మతులకీ మిగిలేది 30 గంటలే!

నేరుగా పారిస్‌ వెళ్తామంటే కుదరదు. ఆ ఏడాదే 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవైలో, 400 ఇరవై ఏడులో, 600 నలభైలో పూర్తిచేయాలి. 'బ్రెవే' అనే ఈ సవారీలు హైదరాబాద్‌లోనూ జరుగుతుంటాయి.

కొత్తవాళ్లు ఆదివారం నలభై యాభై కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారంవారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. తర్వాత శని, ఆదివారాలు వరసగా తొక్కాలి. అలసిన కాళ్లతో రెండోరోజు సీటెక్కడమే అసలు సాధన. ఆకలేశాక తింటే ఆలస్యమైనట్టే. గంటకోసారి అరటిపండో, రెండు ఇడ్లీలో కడుపులో పడాలి. చెమటతో ఉప్పూ పోతుంది కాబట్టి ఉత్తనీళ్లు చాలవు. ట్యూబు మార్చడం ఇంటిదగ్గరే నేర్చుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష రాత్రి. తెల్లవారుజామున రెప్పలు బరువెక్కితే రోడ్డుకు దూరంగా ఆగి కునుకు తీయాలి. పోయేది ఇరవై నిమిషాలే. మొండిగా తొక్కితే పోయేది ప్రాణం!