పదిహేనేళ్ల తర్వాతి రద్దీకి.. ఇవాళే లెక్క!

ఇల్లు కట్టే సివిల్‌ ఇంజినీరు అందరికీ తెలుసు. ఆనకట్ట కట్టే ఇంజినీరూ తెలుసు. కానీ రోడ్డు పక్కన కూర్చుని వచ్చే బండ్లనూ పోయే బండ్లనూ లెక్కపెట్టే ఇంజినీరు గురించి ఎంతమందికి తెలుసు? సిమెంటు, కంకర ముట్టుకోకుండానే ఓ ఊరి తలరాతను మార్చేయగల ఉద్యోగం అది.

నాగర్‌కర్నూల్‌ జిల్లాలో అచ్చంపేటకు దగ్గర్లో ఉంటుంది ఉప్పునుంతల. 2016 దాకా పాత మహబూబ్‌నగర్‌ జిల్లాలో ఓ మండలకేంద్రం. హైదరాబాద్‌ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగానే సాగి, మన్ననూరు దగ్గర నల్లమల అడవిలోకి దూరుతుంది. యాత్రికుల కార్లు, పత్తి లారీలు, ఆర్టీసీ బస్సులు, ట్రాక్టర్లు, గొర్రెల మందలు.. అన్నిటికీ అదే దారి.

ఇలాంటి రోడ్డు రెండు వరుసలుంటే చాలా, నాలుగు కావాలా? ఊరి కూడలిలో సిగ్నల్‌ పెట్టాలా, వద్దా? బస్సు ఎక్కడ ఆగాలి? వీటికి జవాబు చెప్పాలంటే ముందు ఓ ప్రశ్న తేలాలి.. పదిహేనేళ్ల తర్వాత ఈ దారిన ఎన్ని బండ్లు పోతాయి? జోస్యంలా కనిపించే ఈ ప్రశ్నకు లెక్కలతో జవాబు చెప్పడమే ట్రాఫిక్‌ అంచనాల ఇంజినీరు పని. వేసిన రోడ్డు మీద బండ్లు ఆగకుండా, ఢీకొనకుండా సాగేలా చూడటం ఆ పనిలో రెండో సగం.

గీతలతో మొదలు

ఈ వృత్తిలో అడుగుపెట్టిన కుర్రాడు మొదట చేసే పని బండ్లను లెక్కించడమే. అట్టకు బిగించిన కాగితం మీద కారుకో గడి, లారీకో గడి. బండి పోయినప్పుడల్లా ఓ నిలువు గీత. నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. ఇప్పుడు కెమెరాలు, రోడ్డుకు అడ్డంగా పరిచే రబ్బరు గొట్టాలు, టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్‌లు వచ్చాయి. అయినా కెమెరా చెప్పింది నిజమేనా అని సరిచూడటానికి మనిషి కన్ను కావాల్సిందే.

ఈ లెక్కింపుకీ ఓ పద్ధతుంది. 1934లో ఏర్పడిన ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ మన రోడ్లకు నియమాలు రాస్తుంది. ఊళ్ల మధ్య రోడ్ల మీద ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి వరసగా ఏడు రోజులు, రాత్రింబవళ్లు లెక్కపెట్టాలంటుందది. ఒకసారి పంట మార్కెట్టుకు చేరే కాలంలో, ఇంకోసారి పనుల్లేని కాలంలో. పత్తి, వేరుశనగ అమ్మకానికి బయల్దేరే రోజుల్లో ఉన్న రద్దీ నడివేసవిలో ఉండదు మరి! ఒక్క సీజన్‌ చూసి ఏడాదంతా ఇంతేననుకుంటే మొదటి అడుగే తప్పటడుగు.

ఎద్దులబండికి ఎనిమిది.. బస్సుకు మూడు

అన్ని బండ్లూ రోడ్డును ఒకేలా వాడుకోవు. అందుకే ఇంజినీర్లు అన్నిటినీ కారు లెక్కలోకి మారుస్తారు. కారుకు 1 మార్కు. మోటార్‌సైకిల్‌కు 0.5. బస్సుకూ లారీకీ 3. ట్రాలీ తగిలించిన ట్రాక్టర్‌కు 4.5. మరి ఎద్దులబండికి? ఏకంగా 8! బరువును బట్టి కాదు ఈ మార్కులు. అది ఎంత చోటు ఆక్రమిస్తుంది, నెమ్మదిగా పోతూ వెనకాల ఎన్ని బండ్లను ఆపేస్తుంది అన్నదే ఇక్కడ లెక్క. 1990లో రోడ్స్‌ కాంగ్రెస్‌ ఇచ్చిన పట్టిక ఇది.

సరిగ్గా ఇక్కడే ఓ మెలిక ఉంది. యాభైమందితో పోయే బస్సుకు 3 మార్కులే. అదే యాభైమంది ఇద్దరిద్దరుగా 25 మోటార్‌సైకిళ్లు ఎక్కితే 12.5. కార్లలో నలుగురేసి వెళ్తే దాదాపు 13. పోయే మనుషులు అంతేమంది. రోడ్డు మీద పడే భారం మాత్రం నాలుగింతలు. ‘బండ్లు పెరుగుతున్నాయి, రోడ్డు వెడల్పు చేయాలి’ అనే ఇంజినీరు ఒకరు. ‘మనుషులు పెరుగుతున్నారు, రెండు బస్సులు ఎక్కువ తిరిగితే సరిపోతుంది కదా’ అనే ఇంజినీరు ఇంకొకరు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే కాగితం!

అయిదా.. ఏడున్నరా?

ఇవాళ్టి లెక్క చేతికొచ్చాక రేపటిది కట్టాలి. ఆ ప్రాంతంలో జనాభా, ఆదాయం, పంటలు, పరిశ్రమలు ఎలా పెరుగుతున్నాయో చూసి, బండ్లు ఏడాదికి ఎంత శాతం పెరుగుతాయో అంచనా కడతారు. తగిన సమాచారం దొరక్కపోతే ఎంత వేసుకోవాలో కూడా నియమాల్లో ఉంది. రోడ్డు మందాన్ని లెక్కగట్టే 2001 నాటి నియమావళి 7.5 శాతం అంది. 2012లో దాన్ని సవరించినప్పుడు కనీసం 5 శాతం చాలంది. రెండున్నర శాతమే కదా తేడా అనిపిస్తుంది. కానీ అది చక్రవడ్డీ లాంటిది.

ఓ రోడ్డు మీద ఇవాళ రోజుకు 5 వేల కార్లకు సమానమైన రద్దీ ఉందనుకుందాం. ఏటా 5 శాతం పెరిగితే పదిహేనేళ్లకు 10,400 దాకా వస్తుంది. ఏడున్నర శాతమైతే 14,800! మైదాన ప్రాంతంలో రెండు వరుసల రోడ్డు హాయిగా మోయగలిగేది 15 వేలని ఓ ప్రమాణం. అంటే మొదటి లెక్క ప్రకారం ఉన్న రోడ్డే చాలు. రెండో లెక్క ప్రకారం రోడ్డు దాదాపు నిండిపోతుంది, నాలుగు వరుసలకు భూసేకరణ గురించి ఆలోచించాల్సి వస్తుంది. ఎవరి పొలంలోనో హద్దురాళ్లు పడతాయా, పడవా అన్నది ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుంది.

శివరాత్రి రద్దీ.. ముప్ఫయ్యో గంట

శ్రీశైలం దారికి ఇంకో చిక్కుంది. శివరాత్రికీ, కార్తీకమాసంలోనూ, డ్యాం గేట్లెత్తిన వారాంతాల్లోనూ కార్లు బారులు తీరతాయి. సంక్రాంతికి ఉమామహేశ్వరం జాతర, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. మామూలు మంగళవారం మధ్యాహ్నం చూస్తే మాత్రం అదే రోడ్డు ఖాళీ. దేనికి సరిపడా కట్టాలి? శివరాత్రికి సరిపడా కడితే ఏడాదంతా వృథా. మంగళవారానికి సరిపడా కడితే పండక్కి నరకం.

దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన మధ్యేమార్గం భలే ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. ఏ గంటలో ఎంత రద్దీ ఉందో ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పేరుస్తారు. పైనుంచి ముప్ఫయ్యో స్థానంలో ఉన్న గంటకు సరిపోయేలా రోడ్డును కడతారు. అంతకన్నా పైనున్న 29 గంటలూ ఇబ్బంది తప్పదని ముందే ఒప్పుకుంటారన్నమాట. ఆ కొద్ది గంటలకు పోలీసులు, దారి మళ్లింపులు, అదనపు బస్సులు. అన్ని గంటలకూ అందరికీ సరిపోయే రోడ్డు ఎక్కడా ఉండదు. ఎంత ఇబ్బంది భరించవచ్చో తేల్చడమే ఇంజినీరు పని.

తొమ్మిది దాటితే సున్నా

అమ్రాబాద్‌ పులుల అభయారణ్యంలో వన్యప్రాణుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను పోనివ్వరు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడిపోతుంది. ఆ సమయంలో లెక్కిస్తే బండ్లు సున్నా. అంటే రాత్రిపూట ఎవరికీ ప్రయాణం అక్కర్లేదనా? కాదు. గేటు పడేలోపు దాటాలని వేగం పెంచినవాళ్లున్నారు. తెల్లారేదాకా ఆగినవాళ్లున్నారు. వేరే దారి పట్టినవాళ్లూ ఉన్నారు. ఉదయం గేటు లేవగానే బండ్లన్నీ గుంపుగా కదులుతాయి. ఈ సంగతి తెలియకుండా అంకెలు మాత్రమే చూసినవారికి సాయంత్రపు రద్దీ, తెల్లవారుజాము రద్దీ అంతుపట్టవు.

ఈ అడవి మీదుగా నాలుగు వరుసల ఎత్తైన వంతెన దారి వేయాలన్న ప్రతిపాదనను ఇటీవలి సంవత్సరాల్లో తెలంగాణ ప్రభుత్వం కేంద్రం ముందుంచింది. వేల కోట్ల రూపాయల పని అది. పులి దారి ఒకవైపు, మనిషి దారి మరోవైపు. ఎటు తూగాలన్నా తక్కెడలో ముందుగా పడేది ట్రాఫిక్‌ అంచనానే.

లెక్కలోకి రానివాళ్లు

అసలు కష్టం బండ్లను లెక్కించడంలో లేదు. కనిపించని ప్రయాణాన్ని లెక్కించడంలో ఉంది. బస్సు లేక కాలేజీ మానేసిన అమ్మాయి ఏ పట్టికలోనూ ఉండదు. చార్జీకి వెనకాడి ఆసుపత్రికి వెళ్లని ముసలవ్వ కెమెరాకు చిక్కదు. నడిచిపోయేవారికి బండ్ల పట్టికలో గడే ఉండదు. పాలమూరు నుంచి ముంబయికీ, హైదరాబాద్‌కూ వలసపోయే కూలీలు బయల్దేరేదీ తిరిగొచ్చేదీ ఏ వారంలోనో.. లెక్కించినవారు ఆ వారం అక్కడ లేకపోతే వాళ్లూ లేనట్టే.

దీనికి పెద్ద రుజువు తెలంగాణలోనే దొరికింది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. రోజుల్లోనే బస్సులు కిక్కిరిసిపోయాయి. ఆ ఆడవాళ్లంతా కొత్తగా పుట్టుకొచ్చినవారు కాదు కదా! అప్పటిదాకా వాళ్లలో చాలామంది ప్రయాణాలు ఇంటి గడప దగ్గరే ఆగిపోయాయి. నిన్నటి టికెట్ల లెక్క చూసి రేపటి అంచనా వేసినవారికి ఈ రద్దీ అందేదే కాదు. అందుకే మంచి ఇంజినీరు రోడ్డు మీద బండ్లు లెక్కపెట్టి ఊరుకోడు. ఇల్లిల్లూ తిరిగి ‘ఎక్కడికి వెళ్తారు? ఎలా వెళ్తారు? ఎందుకు వెళ్లలేకపోతున్నారు?’ అనీ అడుగుతాడు.

అంచనా తప్పితే..

తప్పుతుంది కూడా. హైదరాబాద్‌ మెట్రోకు రోజుకు 15 లక్షల మంది ఎక్కుతారని ప్రణాళిక దశలో లెక్కగట్టారు. 2017 నవంబరులో రైళ్లు మొదలై ఏళ్లు గడిచినా ప్రయాణికులు 5 లక్షల దరిదాపుల్లోనే ఉండిపోయారు. ఆలస్యం, కరోనా, ఇంటి నుంచి పని.. కారణాలు ఎన్నో. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 2010లో తెరిచిన క్లెమ్‌ 7 టోల్‌ సొరంగానిదీ ఇదే కథ. అనుకున్న బండ్లలో మూడోవంతు కూడా రాక, ఏడాది తిరక్కుండానే దాన్ని నడిపే సంస్థ అప్పులవాళ్ల చేతుల్లోకి పోయింది.

డెన్మార్క్‌ పరిశోధకుడు బెంట్‌ ఫ్లీబియా, ఆయన సహచరులు 14 దేశాల్లోని 210 ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ఓ వ్యాసం ప్రచురించారు. రోడ్డు ప్రాజెక్టుల్లో సగానికి అంచనాకూ వాస్తవానికీ తేడా 20 శాతం దాటింది. రైలు ప్రాజెక్టుల్లోనైతే వాస్తవంగా ఎక్కినవారికి రెట్టింపుకు మించి ఎక్కుతారని సగటున అంచనా వేశారట. ప్రాజెక్టు మంజూరు కావాలన్న తొందరలో అంకె పెద్దదైపోవడం లోకమంతా ఉన్న జబ్బే. ఆ ఒత్తిడికి లొంగకుండా ‘ఇంతే వస్తాయి’ అని రాసి సంతకం పెట్టగలగడానికి లెక్కలు వస్తే చాలదు. వెన్నెముకా కావాలి.

కూడలిలో 32 గండాలు

రోడ్డు వేశాక మొదలయ్యేది రెండో సగం. నాలుగు దారులు కలిసే మామూలు కూడలిలో బండ్ల దారులు ఒకదాన్నొకటి తాకే చోట్లు 32 ఉంటాయి. మూడు దారుల కూడలిలో 9. అదే నాలుగు దారుల కూడలిలో ఒక వరుస రౌండ్‌ అబౌట్‌ కడితే 8కి తగ్గిపోతాయి! ఒక్క గుండ్రటి దిమ్మె మార్చే మార్పు అది. సిగ్నల్‌ ఎన్ని సెకన్లుండాలో చెప్పే సూత్రాన్ని 1958లో బ్రిటన్‌లో వెబ్‌స్టర్‌ అనే ఆయన ఇచ్చాడు. నేటికీ కుర్రాళ్లు దాంతోనే మొదలుపెడతారు. రోడ్డుకు ‘ఎ’ నుంచి ‘ఎఫ్‌’ దాకా పరీక్ష మార్కుల్లా గ్రేడు ఇవ్వడం అమెరికాలో 1965లో మొదలైంది. వరుసలు పాటించని, ఎడ్లూ ఆటోలూ కలిసి నడిచే మన రోడ్లకు ఆ పుస్తకం పూర్తిగా సరిపోలేదు. అందుకే కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో మన పరిస్థితులకు తగ్గ గ్రంథం ‘ఇండో హెచ్‌సీఎం’ 2017 పేరుతో వచ్చింది.

ఈ లెక్కల వెనక ఉన్నవి ప్రాణాలు. కేంద్ర ప్రభుత్వ వివరాల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వారిలో ద్విచక్ర వాహనదారులే అందరికన్నా ఎక్కువ. బస్టాపు కూడలికి ఎంత దూరంలో ఉండాలి, అవతలి పక్క బడికి పిల్లలు ఎక్కడ దాటాలి అన్నవి చిన్న ప్రశ్నలు కావు.

ఇలా చదవొచ్చు

ఈ దారిలోకి రావడం కష్టమేమీ కాదు. పదో తరగతి తర్వాత పాలిసెట్‌ రాసి సివిల్‌ డిప్లొమా, లేదా ఇంటర్‌ తర్వాత ఎంట్రన్స్‌ రాసి సివిల్‌ బీటెక్‌. గేట్‌లో మంచి ర్యాంకు వస్తే రవాణా ఇంజినీరింగ్‌లో ఎంటెక్‌. వరంగల్‌ ఎన్‌ఐటీలో, మద్రాసు, ముంబయి, రూర్కీ ఐఐటీల్లో ఈ కోర్సు ఉంది. రోడ్లు భవనాల శాఖ, జాతీయ రహదారుల సంస్థ, నగరాభివృద్ధి సంస్థలు, ప్రైవేటు కన్సల్టెన్సీలు.. ఉద్యోగాలకు ఇన్ని తలుపులు. అమెరికా వెళ్లాలనుకుంటే అక్కడ ప్రొఫెషనల్‌ ఇంజినీరు లైసెన్సు, ట్రాఫిక్‌ నిర్వహణకు ప్రత్యేక ధ్రువపత్రమూ ఉన్నాయి. గణాంకశాస్త్రం, కంప్యూటర్‌ ప్రోగ్రామింగ్‌ వచ్చినవారికి గిరాకీ ఎక్కువ.

పల్లె నుంచి వచ్చిన పిల్లలకు ఇందులో ఓ అదనపు బలముంది. పత్తి ఏ నెలలో బయల్దేరుతుందో, అచ్చంపేట బస్సు కోసం పొద్దున ఎందరు నిలబడతారో, వలసబండి ఏ వేళకు వస్తుందో వారికి పుస్తకం చూడకుండానే తెలుసు. కంప్యూటర్‌ ఎంత పెద్ద నమూనా గీసినా, అందులో వేయాల్సిన మొదటి అంకె నేల మీదే దొరుకుతుంది. ఏ గడిలోనూ గీత పడని మనిషిని వెతికి లెక్కలోకి తెచ్చే ఇంజినీరు ఉప్పునుంతలలాంటి ఊళ్లకు ఇప్పుడు చాలా అవసరం!