సిల్లీ పాయింటూ... కర్రీ పాయింటూ!

మా ఇంట్లో ముగ్గురికి మూడు పాయింట్లున్నాయి. మావారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయనకు కావలసినవి బదిలీ పాయింట్లు. సౌకర్యాల్లేని మారుమూల ఊళ్లో ఎన్నేళ్లు పనిచేస్తే అన్ని ఎక్కువ పాయింట్లు. అవి ఎన్ని ఉంటే కౌన్సెలింగులో ఇంటికి అంత దగ్గరి బడి. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయికి సిల్లీ పాయింటు. తింగరి మాట కాదండోయ్! క్రికెట్లో బ్యాటు పట్టుకున్నవాళ్ల ముక్కు కింద నిలబడే చోటు పేరది. ఇక నాకు కావలసింది మా వీధి చివరి కర్రీ పాయింటు. ఈ మూడూ ఒకే రోజు మా ఇంట్లో కలిశాయి. ఆ కథే ఇది.

2025 నవంబరు 2, ఆదివారం. మొంథా తుపాను తీరం దాటి అయిదు రోజులు. మా తెనాలిలో పెరళ్లింకా తడి ఆరలేదు. ఆ సాయంత్రం క్షీరాబ్ది ద్వాదశి. అత్తయ్యగారు పొద్దుట్నుంచీ తులసికోట చుట్టూనే తిరుగుతున్నారు. అదే రోజు నవీ ముంబైలో దక్షిణాఫ్రికాతో మన అమ్మాయిల ప్రపంచకప్పు ఫైనల్. మధ్యాహ్నం మూడింటికి మొదలవ్వాల్సిన మ్యాచ్ వాన వల్ల అయిదింటికి మొదలైంది.

మ్యాచ్ ఉన్న రోజున నా డ్యూటీ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? ఆరింటికి టీలు, ఏడింటికి పకోడీలు, ఎనిమిదింటికి చపాతీలు, మధ్యమధ్యలో మంచినీళ్లు. "అమ్మా, నువ్వు మా పన్నెండో ఆటగాడివి" అంటుంది మా అమ్మాయి ముద్దుగా. పన్నెండో ఆటగాడంటే ఎవరనుకున్నారు? డ్రింకులు మోస్తాడు. ఎవరికైనా కాలు బెణికితే ఫీల్డింగు చేస్తాడు. బ్యాటింగు, బౌలింగు మాత్రం చెయ్యనివ్వరు. ముద్దుగానే అన్నా, నిజం కదా, ఎక్కడో కాస్త గుచ్చుకుంది.

అందుకే ఆ రోజు ప్రకటించేశాను. "ఈ రాత్రి నాది మెయిడెన్ ఓవరు. నా దగ్గర్నుంచి ఒక్క చపాతీ కూడా రాదు. కుక్కర్లో అన్నం పడేస్తాను. కూరలు కర్రీ పాయింటు నుంచే."

అత్తయ్యగారు వత్తులు చేస్తూ తలెత్తారు. "మెయిడెనంటే పెళ్లికాని పిల్ల కదుటే? నీకు పెళ్లయి పద్ధెనిమిదేళ్లాయె!"

"ఏ ఓవర్లో పరుగు పుట్టదో అది మెయిడెన్ ఓవరు నానమ్మా. బౌలర్ని మెచ్చుకుంటారు కూడా."

"ఆటలో అయితే మెచ్చుకుంటారు. ఇంట్లో ఏమీ పుట్టకపోతే ఆడదాన్ని ఎన్నెన్ని మాటలంటారో!" అన్నారావిడ, వత్తి చివర నలుపుతూ.

అంతలో మావారు, "ఆ బ్యాట్స్‌మన్ ఎవరే?" అన్నారు టీవీ చూస్తూ.

"బ్యాట్స్‌మన్ కాదు నాన్నా, బ్యాటర్ అనాలి. 2021లో ఎంసీసీ వాళ్లు క్రికెట్ రూల్సు పుస్తకంలోనే మార్చేశారు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే మాట."

"బ్యాటరంటే మొన్న కొట్లోంచి పాకెట్టు తెచ్చావు చూడు, ఇడ్లీ పిండి... అదా?" అన్నారు అత్తయ్యగారు. ఇంకేముంది, ఆ సాయంత్రమంతా మా ఇంట్లో షెఫాలీ వర్మ ఇడ్లీ పిండే. ఆ ఇడ్లీ పిండే 87 పరుగులు చేసి దక్షిణాఫ్రికా వాళ్లకి ఆవిర్లు పట్టించింది లెండి.

మా అత్తయ్యగారికి అన్నిటికంటే నచ్చిన మాట 'అంపైర్స్ కాల్'. ఔటా కాదా అని టీవీలో పైవాళ్లు గీతలు గీసి చూస్తారు కదా. బంతి వికెట్లకి అంచున మాత్రమే తగిలేట్టుంటే పైవాళ్లు వేలు పెట్టరు. మైదానంలో ఉన్న అంపైరు ముందు ఏం చెప్పాడో అదే ఖాయం. "మీ మావయ్యగారు బతికున్నన్నాళ్లూ మనింట్లో నడిచిందదే కదుటే" అంటారావిడ.

ఇంతవరకూ సరదాగానే ఉంది. దీపం పెట్టి, తులసమ్మకు హారతిచ్చి, ప్రసాదాలు పంచుకుంటున్నప్పుడు మా అమ్మాయి అసలు బంతి వేసింది. గూగ్లీ! అంటే ఒకవైపు తిరుగుతుందనుకుంటే ఇంకోవైపు తిరిగే బంతి.

"నాన్నా, నేను ఇంజనీరింగులో చేరను. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎస్సీ బీఈడీ కోర్సుంది కదా, దానికి ఎంట్రన్సు రాస్తా. టీచర్నవుతా."

మావారి చేతిలో పరమాన్నం గిన్నె అలాగే ఉండిపోయింది. 2003 డీఎస్సీలో ఉద్యోగం వచ్చినప్పుడు ఊరంతా స్వీట్లు పంచిన మనిషి. చేరినప్పట్నుంచీ ఒక్క రోజు కూడా బడికి ఆలస్యంగా వెళ్లని మనిషి. ఆయన నోటివెంట వచ్చిన మాటేమిటో తెలుసా? "బతకలేక బడిపంతులని ఊరికే అన్లేదమ్మా. నా కూతురికి ఆ ఖర్మేంటి?"

"ఏం నాన్నా, మొన్న మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి ఎంతమంది ఎగబడ్డారో చూళ్లేదా?"

"ఉద్యోగం కోసం ఎగబడ్డారు. చేరాక తెలుస్తుంది. టెస్టు మ్యాచుల్లో సాయంత్రం వెలుతురు తగ్గాక మంచి బ్యాటర్ని దాచుకుని, ఎవరో బౌలర్ని ముందుకు తోస్తారే... నైట్ వాచ్‌మన్. టీచరంటే అదే. ఏ పనొచ్చినా ముందు మమ్మల్నే తోస్తారు."

"విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్లో జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు... ఈ మూడింటికి తప్ప టీచర్లని చదువుతో సంబంధం లేని పనులకి వాడకూడదని ఉంది నాన్నా."

"ఆ మూడూ చాలవుటే?" అన్నారాయన. నవ్వొచ్చింది గానీ, ఆయన నవ్వలేదు.

అమ్మాయి వదల్లేదు. "గౌరవం ఉంటుంది కదా నాన్నా. హ్యాట్రిక్ అనే మాట ఎలా వచ్చిందో తెలుసా? 1858లో ఇంగ్లండులో స్టీఫెన్సన్ అనే బౌలరు వరసగా మూడు బంతుల్లో ముగ్గుర్ని ఔట్ చేస్తే, జనం చందాలేసుకుని టోపీ కొనిచ్చారట."

"మీ నాన్నకీ ఇచ్చారుగా, సెప్టెంబరు అయిదున శాలువాలు" అన్నారు అత్తయ్యగారు. "నాలుగున్నాయి. చలికాలం నేనే కప్పుకుంటున్నా."

ఎవరి మాటా ఎవరికీ ఎక్కలేదు. మన ఇన్నింగ్సు 298 పరుగుల దగ్గర ముగిసింది. ఇద్దరి మధ్యా మూతిముడుపులతో గది వేడెక్కింది. నేను స్టీలు క్యారియరు తీసుకుని, "అరగంట బ్రేకుంది, పదండి" అని మావార్ని స్కూటరెక్కించాను.

మా కర్రీ పాయింటు గురించి చెప్పాలి మీకు. ఆరడుగుల బల్ల, దాని మీద పది గిన్నెలు. దోసకాయ పప్పు, దొండకాయ వేపుడు, గుత్తి వంకాయ, సాంబారు, గోంగూర పచ్చడి. కార్తీకమాసం కదా, ఉల్లీ వెల్లుల్లీ లేని కూరలు వేరే మూల. వెనకటికి ఊరూరా పూటకూళ్లమ్మ ఉండేది. ఇంటికి దూరంగా ఉన్నవాళ్లకు ఆవిడే అన్నం పెట్టేది. ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లం కూడా వెళ్తున్నాం. అంతే తేడా. పొగలు కక్కే సాంబారు పల్చటి పాలిథిన్ సంచిలో పోయించుకోవడం నాకు ఇష్టముండదు. అందుకే ఎప్పుడూ క్యారియరు పట్టుకెళ్తాను. మీరూ ఆ అలవాటు చేసుకోండి. క్రికెట్లో 'ఎక్స్‌ట్రా కవర్' మంచి ఫీల్డింగు చోటేమో గానీ, వంటింట్లో ఎక్స్‌ట్రా కవర్లు పోగేసుకోవడం మంచిది కాదు.

బల్ల వెనకాల ఉన్నావిడ నన్ను చూసి మామూలుగా నవ్వింది. నా వెనక స్కూటరు దిగుతున్న మావార్ని చూసి గరిటె కింద పెట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇవతలికొచ్చింది.

"నమస్కారం మాస్టారండీ. గుర్తుపట్టారా?"

మావారు గుర్తుపట్టలేదు. వందలమంది పిల్లలు. ఆయనకు అందరూ పదో తరగతి ముఖాలతోనే గుర్తుంటారు.

"పదిలో నాకు ప్రీ ఫైనల్ లెక్కల్లో పదకొండు మార్కులండీ. మా నాన్న బడి మానేయమన్నాడు. మీరే ఇంటికొచ్చి మాట్లాడి, బడి అయ్యాక నెల్లాళ్లు అరుగు మీద కూచోబెట్టి శాతాలు, లాభనష్టాలు చెప్పారు. నలభై ఒకటొచ్చాయండి పబ్లిక్‌లో."

"తర్వాత చదివావామ్మా?"

"లేదండీ, పెళ్లి చేసేశారు. మొన్న మూడేళ్ల కిందట మా సంఘంలో లోను తీసుకుని ఇది పెట్టుకున్నా."

ఆ మాటతో మావారి ముఖం చిన్నబోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇంత కష్టపడి పాస్ చేయిస్తే చివరికి బల్ల వెనకాల నిలబడిందే అన్నట్టు. ఆవిడకీ అర్థమైనట్టుంది. గల్లాపెట్టె కింది నుంచి ఒక నోటు పుస్తకం తీసింది. బడిపిల్లల పుస్తకమే. ఎర్రగీత మార్జిను కొట్టి ఉంది.

"రోజూ రాత్రి లెక్క రాస్తానండి. కిలో కందిపప్పుకి ఎన్ని పాకెట్లొస్తాయి, గ్యాసెంత, ఏ కూర మిగిలిపోతే ఎంత నష్టం... నష్టశాతం కూడా కడతా. నష్టమొచ్చిన కూర ఆ వారం మళ్లీ వండను. ఇద్దరు ఆడవాళ్లకి జీతాలిస్తున్నానండి. మా ఆయన ఈ కొట్టు పెట్టొద్దన్నాడు. నేనే లెక్క కట్టి చూపించా. నోరెత్తలేదు."

మావారు పుస్తకం అందుకున్నారు. ఒక్కో పేజీ తిప్పుతూ, జవాబు పత్రం దిద్దుతున్నట్టు చూశారు. నాకు గొంతు కొంచెం పట్టేసింది. ఈయన ఇప్పుడేదో నాలుగు మంచి మాటలు చెబుతారని ఎదురు చూశాను. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, "ఇదిగో, ఇక్కడ కూడిక తప్పమ్మా. రెండు వందల డెబ్బై కాదు, రెండు వందల ఎనభై" అని సున్నా చుట్టారు! ఆవిడ నాలిక కరుచుకుంది, అచ్చం పదో తరగతి పిల్లలా.

డబ్బులొద్దంటే ఒద్దంది. ఈయన ఇవ్వకుండా కదలనన్నారు. చివరికి డబ్బులు తీసుకుని, గుత్తి వంకాయ మాత్రం ఇంకో గిన్నెడు ఎక్కువేసింది.

ఇంటికొచ్చాక మావారు ఎవరితోనూ మాట్లాడలేదు. భోజనాలయ్యాయి. అవతల దక్షిణాఫ్రికా కెప్టెన్ వోల్వార్ట్ సెంచరీ కొట్టి మా గుండెల్లో రైళ్లు పరిగెత్తించింది. మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి బంతి అందుకున్నప్పుడల్లా అత్తయ్యగారు తులసికోట వైపు దణ్ణం పెట్టారు. చివరికి దీప్తి శర్మ అయిదు వికెట్లు తీసింది. అర్ధరాత్రి వేళకు 246 దగ్గర వాళ్ల ఆట కట్టు. 52 పరుగులతో మన అమ్మాయిలు మొట్టమొదటిసారి ప్రపంచకప్పు గెలిచారు.

గెలిచాక వాళ్లేం చేశారో చూశారా మీరు? కప్పు తీసుకెళ్లి మైదానంలోనే ఉన్న పాతతరం ఆటగాళ్ల చేతుల్లో పెట్టారు. వాళ్లలో మన సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ ఉంది. 2017 ఫైనల్లో తొమ్మిదంటే తొమ్మిది పరుగుల తేడాతో కప్పు పోగొట్టుకుని, 2022లో ఆట నుంచి రిటైరైన మిథాలీ. ఆమె కప్పు ఎత్తుతుంటే మావారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలకేం కాలేదని నాకు తెలుసు.

మా అమ్మాయి మెల్లగా అడిగింది. "నాన్నా, సాయంత్రం ఔటిచ్చేశావు కదా. రివ్యూ తీసుకోనా?"

ఆయన కాసేపు టీవీ వైపే చూశారు. "ఆ పిల్ల కూడిక తప్పినా శాతం సరిగ్గా కట్టిందే" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. తర్వాత కూతురి వైపు తిరిగి, "అంపైర్స్ కాల్" అన్నారు.

"అంటే? నువ్వు ముందు చెప్పిందే ఖాయమా?" దాని ముఖం వాడిపోయింది.

"అంపైరు నేననుకున్నావుటే? నీ చదువుకి మైదానంలో ఉన్నది నువ్వు. నేను పైన కూర్చుని గీతలు గీసేవాణ్ణి."

అది ఎగిరి గంతేసింది. అత్తయ్యగారు, "నాలుగు శాలువాలున్నాయి, నీకొచ్చేవి కలిపితే బొంత కుట్టుకోవచ్చు" అన్నారు.

నా సంగతొకటి మిగిలింది. నేను డిగ్రీ అయిన ఏడాది, 2007లో, బీఈడీ ఎంట్రన్సు దరఖాస్తు నింపాను. పెళ్లి కుదిరింది, తర్వాత కడుపులో ఇది. ఆ దరఖాస్తు పెట్టెలో చీరల కింద ఎన్నాళ్లో ఉండేది. ఈ మాట మా అమ్మాయికి ఎప్పుడో ఒకసారి చెప్పినట్టున్నాను. ఆ రాత్రి క్యారియరు గిన్నెలు కడుగుతుంటే వెనకాలొచ్చి నిలబడింది.

"అమ్మా, ఎడ్‌సెట్‌కి పైవయసు పరిమితి లేదు తెలుసా? పన్నెండో ఆటగాడి రూల్సు కూడా మారాయి. 2019 నుంచి పెద్ద మ్యాచుల్లో ఎవరి తలకైనా గట్టి దెబ్బ తగిలితే, బదులొచ్చినవాళ్లు బ్యాటింగు కూడా చెయ్యొచ్చు."

"ఎవరి తలా పగలక్కర్లేదు గానీ, నీ దరఖాస్తు నింపేటప్పుడు నాది కూడా నింపు" అన్నాను.

రాత్రి కూరల సంగతంటారా? వీధి చివర మా లెక్కల పిల్ల ఉండనే ఉందిగా!