సెకండ్ హ్యాండ్ క్యాబ్ కొన్నారా? పథకం డబ్బు ఖర్చు పెట్టే ముందు టైమింగ్ బెల్టు లెక్క చూసుకోండి

‘ఆటో డ్రైవర్ల సేవలో’ లబ్ధిదారులకు సమాచారం
కర్నూలు, కడప ప్రాంత క్యాబ్, మాక్సీ క్యాబ్ డ్రైవర్ల కోసం

ఈ సమాచారం ఎవరికి?

సొంతంగా బండి కొని, దాన్ని తామే నడుపుకుంటూ బతుకుతున్న డ్రైవర్ల కోసం. ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కారు కొని టాక్సీగా తిప్పుతున్న వారి కోసం. ఆటోల్లో మామూలుగా ఈ బెల్టు ఉండదు. ఎలక్ట్రిక్ బండ్లలో అసలే ఉండదు. ఆటో నడిపేవారు పథకం వివరాల వరకు చదువుకుంటే చాలు. కార్లున్న వారికి మాత్రం దీన్ని పంపండి.

పథకం క్లుప్తంగా

- పథకం పేరు: ఆటో డ్రైవర్ల సేవలో
- ప్రారంభం: 2025 అక్టోబర్ 4, విజయవాడ
- సాయం: ఏడాదికి రూ.15,000, నేరుగా బ్యాంకు ఖాతాలోకి
- ఎవరికి: ఆటో, మోటార్ క్యాబ్, మాక్సీ క్యాబ్ యజమాని తానే డ్రైవర్ అయితే
- వర్తించనివి: సరుకు రవాణా బండ్లు
- మొదటి విడతలో 2.90 లక్షల మందికి పైగా డ్రైవర్లకు సుమారు రూ.436 కోట్లు జమ అయ్యాయి.

అంతకు ముందు 2019 అక్టోబర్ 4న మొదలైన వాహన మిత్ర పథకం కింద ఏడాదికి రూ.10,000 వచ్చేది. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ), రిపేర్ల ఖర్చుకు అని ఆ డబ్బు ఇచ్చేవారు. ఇప్పటి సాయం కూడా చాలామంది డ్రైవర్లు వాటికే వాడుకుంటున్నారు. అసలు చిక్కు రిపేర్ల దగ్గరే వస్తుంది. కంటికి కనిపించే రిపేరు ముందు చేయిస్తాం. కనిపించనిది వాయిదా వేస్తాం. టైమింగ్ బెల్టు ఆ కనిపించని వాటిలో మొదటిది.

ముందు ఆర్సీ సంగతి

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారు మొదట చూసుకోవాల్సింది ఆర్సీ. బండి ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంటే, మీరు ఎన్నాళ్లు నడిపినా కాగితాల ప్రకారం మీరు యజమాని కారు. అలాంటప్పుడు పథకం డబ్బు మీకు రాదు.

పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. మన రాష్ట్రంలోనే రిజిస్టర్ అయిన బండి అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఫైనాన్స్ తీరిపోయిన బండికి ఫారం 35 కూడా అడిగి తీసుకోండి. హైదరాబాద్‌లోనో, బళ్లారిలోనో కొని తెచ్చిన బండికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (ఫారం 28) తప్పనిసరి.

టైమింగ్ బెల్టు అంటే ఏమిటి?

ఇంజన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్ తిరుగుతూ ఉంటుంది. దానివల్ల పిస్టన్లు పైకీ కిందికీ కదులుతాయి. పైన క్యామ్ షాఫ్ట్ తిరుగుతూ వాల్వులను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఈ రెండూ ఒకే లెక్కలో తిరగాలి. పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు మూసుకుని ఉండాలి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి తిప్పేదే టైమింగ్ బెల్టు. లోపలి వైపు పళ్లున్న రబ్బరు బెల్టు ఇది. ఇంజన్ పక్కన కవరు లోపల ఉంటుంది.

ఫ్యాన్ బెల్టు, ఏసీ బెల్టు వేరు. అవి బయటికి కనిపిస్తాయి. తెగినా మార్చుకుని పోవచ్చు. టైమింగ్ బెల్టు తెగితే మాత్రం పైన వాల్వులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, కింద పిస్టన్లు వచ్చి వాటిని కొడతాయి. వాల్వులు వంగుతాయి. హెడ్ దించక తప్పదు. కొన్ని పాత పెట్రోల్ ఇంజన్లలో బెల్టు తెగినా పిస్టన్, వాల్వు తగలవు, బండి ఆగిపోతుంది అంతే. డీజిల్ ఇంజన్లలో ఆ అదృష్టం దాదాపు ఉండదు.

మీ బండికి బెల్టు ఉందా, చైన్ ఉందా?

ఖర్చు గురించి ఆలోచించే ముందు ఇది తేల్చుకోవాలి. అన్ని కార్లకూ టైమింగ్ బెల్టు ఉండదు. కొన్నింటికి ఇనుప చైన్ ఉంటుంది.

బెల్టు ఉన్నవి:
- పాత డీజిల్ ఇన్నోవా (2016లో క్రిస్టా రాకముందు వచ్చిన 2.5 లీటర్ బండ్లు)
- మహీంద్రా వెరిటో డీజిల్, రెనో లాడ్జీ, రెనో డస్టర్ 1.5 డీజిల్
- పాత ఇండికా, ఇండిగో 1.4 డీజిల్
- ఫోర్డ్ ఫిగో డీజిల్

చైన్ ఉన్నవి:
- స్విఫ్ట్ డిజైర్ డీజిల్, ఎర్టిగా డీజిల్
- ఎతియోస్ డీజిల్
- ఇన్నోవా క్రిస్టా 2.4 డీజిల్
- హ్యుందాయ్ ఎక్సెంట్

ఒకే పేరున్న కారులో కూడా ఇంజన్ మారితే ఇది మారుతుంది. ఇండికా విస్టాలో 1.3 డీజిల్ ఇంజన్ ఉంటే చైన్. కాబట్టి బండి పేరు చూసి కాదు, ఇంజన్ ఏదో చూసి, ఓనర్స్ మాన్యువల్‌లో నిర్ధారించుకోండి. చైన్ ఉన్న బండికి ‘బెల్టు మార్చాలి’ అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. చైన్ ఉన్నవారు మాత్రం ఇంజన్ ఆయిల్ సమయానికి మార్చాలి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ ముందు భాగంలో గలగల శబ్దం వస్తే వెంటనే చూపించాలి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

ప్రతి ఇంజన్‌కూ కంపెనీ ఒక గడువు పెడుతుంది. కిలోమీటర్లలో ఒక లెక్క, ఏళ్లలో ఒక లెక్క. రెండింటిలో ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. రబ్బరు కాబట్టి బండి తిరగకుండా షెడ్డులో ఉన్నా అది గట్టిపడుతుంది. ‘తక్కువ తిరిగిన బండి అన్నా’ అని అమ్మేవారు చెబితే బండి వయసు కూడా చూడండి.

టాక్సీకి గడువు ఎంత త్వరగా వస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. రోజుకు 150 కి.మీ., నెలకు 25 రోజులు తిరిగితే నెలకు 3,750 కి.మీ. ఏడాదికి 45,000 కి.మీ. గడువు లక్ష కిలోమీటర్లు అనుకుంటే, రెండేళ్ల మూడు నెలలకే బెల్టు అయిపోయినట్టు. ఇంట్లో వాడుకునే కారు లెక్క టాక్సీకి పనికిరాదు.

మన ప్రాంతంలో ఇంకొన్ని ఉన్నాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన వేడిలో ఏసీ వేసుకుని తిప్పుతాం. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు నాపరాయి, సిమెంటు దుమ్ము ఎక్కువ. కవరు పగిలినా, బోల్టులు సరిగ్గా బిగించకపోయినా ఆ దుమ్ము బెల్టు మీదికి చేరుతుంది. ఇలాంటి చోట తిరిగే బండికి మాన్యువల్‌లో ‘కఠిన పరిస్థితుల’ గడువు వేరేగా ఉందేమో చూసి దాన్నే పాటించండి.

డ్రైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: బెల్టు మార్చినాం అని పాత ఓనర్ చెప్పినాడు. నమ్మొచ్చా?
జవాబు: బిల్లు ఉంటే నమ్మండి. బిల్లులో తేదీ, బండి నంబరు, అప్పటి కిలోమీటర్లు ఉండాలి. కంపెనీ షోరూంలో చేయించి ఉంటే బండి నంబరుతో సర్వీసు రికార్డు అడగొచ్చు. ఏ కాగితమూ లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. అమ్మినవారు అబద్ధం చెప్పారని కాదు, వారు ఫ్యాన్ బెల్టు మార్చి అదే ఇది అనుకుని ఉండొచ్చు.

ప్రశ్న: మీటరులో 80 వేలే ఉండాది. ఇంకా టైం ఉన్నట్టే కదా?
జవాబు: మీటరు మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. మీటరు వెనక్కి తిప్పిన బండ్లు, మీటరే మార్చిన బండ్లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. పాత సర్వీసు బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితాల్లో ఉన్న కిలోమీటర్లతో పోల్చి చూడండి. స్టీరింగ్, పెడల్ రబ్బర్లు, డ్రైవర్ సీటు అరిగిన తీరు కూడా చెబుతుంది.

ప్రశ్న: పాత ఇన్నోవాలో టీ-బెల్ట్ లైటు వెలగలేదు. బెల్టు బాగున్నట్టేనా?
జవాబు: కాదు. ఆ లైటు బెల్టును పరీక్షించదు. కిలోమీటర్లు లెక్కపెట్టి గడువు రాగానే వెలుగుతుంది, అంతే. బెల్టు మార్చకుండానే లైటును రీసెట్ చేయొచ్చు. లైటు వెలిగితే తప్పకుండా మార్చాలి. వెలగకపోతే కాగితం చూడాలి.

ప్రశ్న: కవరు విప్పి చూస్తే తెలిసిపోతుంది కదా?
జవాబు: సగమే తెలుస్తుంది. పగుళ్లు, ఊడిన పళ్లు, బయటికొచ్చిన దారాలు, ఆయిల్ తడి కనిపిస్తే వెంటనే మార్చండి. కానీ ఏమీ కనిపించనంత మాత్రాన బాగుందని కాదు. పైకి కొత్తదానిలా ఉన్న బెల్టు కూడా తెగుతుంది. చూపు బెల్టును దోషి అని తేల్చగలదు గానీ నిర్దోషి అని తేల్చలేదు.

ప్రశ్న: మొన్ననే ఎఫ్‌సీ అయింది. అందులో చూసుంటారు కదా?
జవాబు: ఎఫ్‌సీలో బ్రేకులు, లైట్లు, పొగ వంటివి చూస్తారు. ఇంజన్ కవరు విప్పి టైమింగ్ బెల్టు చూడరు. ఎఫ్‌సీ రావడానికీ బెల్టు బాగుండటానికీ సంబంధం లేదు.

ప్రశ్న: తెగితే ఇన్సూరెన్స్ ఇస్తుందా?
జవాబు: మామూలు పాలసీలో అరుగుదల వల్ల, యంత్రం చెడిపోవడం వల్ల వచ్చే నష్టానికి క్లెయిం రాదు. ఆ ఖర్చు మీ జేబులోంచే పోతుంది.

డబ్బు లెక్క

మీ బండికి ఖర్చెంతో రెండు షెడ్లలో అడిగి రాయించుకోండి. ఇక్కడ లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ మాత్రమే ఇస్తున్నాం. కిట్టు, కూలీ కలిపి రూ.9,000 అయిందనుకుందాం. బెల్టు రెండేళ్లు వస్తే నెలకు రూ.375 పడినట్టు.

అదే తెగితే? హెడ్ పని, వాల్వులు, గాస్కెట్, కూలీ, బండిని లాక్కొచ్చిన ఖర్చు అన్నీ పక్కన పెట్టండి. బండి పది రోజులు షెడ్డులో నిలబడితే, రోజుకు వెయ్యి మిగిలే డ్రైవర్‌కు పోయిన ఆదాయమే పది వేలు. బెల్టు ఖర్చు అక్కడికే దాటిపోయింది.

డబ్బు ఒక్కటే కాదు. కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ మీదుగా పోతున్నప్పుడో, కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం బాడుగకు పోతున్నప్పుడో బెల్టు తెగితే ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. బ్రేకు రెండు మూడు సార్లు తొక్కేసరికి గట్టిపడుతుంది. వెనక సీట్లో పిల్లలతో ఒక కుటుంబం ఉంటుంది.

రూ.15,000లో దేనికి ముందు?

1. ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ. ఇవి లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఎనిమిదేళ్లు దాటిన టాక్సీకి ఎఫ్‌సీ ఏటా చేయించాలి.
2. బ్రేకులు, టైర్లు.
3. కాగితం లేని, గడువు దాటిన టైమింగ్ బెల్టు.
4. సీటు కవర్లు, పాటల సిస్టం, పెయింటింగ్ వంటివి ఆ తర్వాతే.

మొదటి రెండింటికే డబ్బు అయిపోతే, బెల్టు మార్చేదాకా ఘాట్ బాడుగలు, దూరం బాడుగలు ఒప్పుకోవద్దు. ఊళ్లో తిప్పినా ముప్పు పూర్తిగా పోదు, కాబట్టి ఎక్కువ రోజులు వాయిదా వేయొద్దు. బండి ఇంకా కొనని వారైతే బెల్టు ఖర్చును బేరంలోనే తగ్గించమని అడగండి.

ఎప్పుడు మార్చక్కర్లేదు?

- ఇంజన్‌కు చైన్ ఉన్నప్పుడు
- మార్చినట్టు సరైన బిల్లు ఉండి, కిలోమీటర్ల గడువూ ఏళ్ల గడువూ రెండూ మిగిలి ఉండి, ఆయిల్, నీళ్ల లీకులు లేనప్పుడు
- బండిని ఇక తిప్పకుండా స్క్రాప్‌కు ఇచ్చేయాలని నిర్ణయించుకున్నప్పుడు

మార్పించేటప్పుడు జాగ్రత్తలు

- బెల్టు ఒక్కటే కాకుండా టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ కూడా మార్పించండి. బేరింగ్ బిగుసుకుంటే కొత్త బెల్టు కూడా తెగుతుంది.
- కొన్ని ఇంజన్లలో వాటర్ పంపును కూడా ఈ బెల్టే తిప్పుతుంది. అలాంటివాటిలో పంపు కూడా అప్పుడే మార్చితే రెండోసారి కూలీ తప్పుతుంది.
- ఆయిల్ సీలు కారుతుంటే ముందు దాన్ని సరిచేయాలి. ఆయిల్ తగిలిన రబ్బరు త్వరగా పాడవుతుంది.
- బిగించాక మార్కులు సరిపోయాయో లేదో చూడటానికి ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడమని మెకానిక్‌ను అడగండి. ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి.
- పాత బెల్టు, కొత్త పార్టు డబ్బా అడిగి తీసుకోండి. బిల్లు తప్పనిసరి. తేదీ, కిలోమీటర్లు రాసిన స్టిక్కర్ బానెట్ లోపల అంటించండి. రేపు మీరు బండి అమ్మేటప్పుడు ఆ బిల్లుకు విలువ ఉంటుంది.

దారిలో తెగితే

ఇంజన్ ఒక్కసారిగా ఆగి, తాళం తిప్పితే స్టార్టర్ మామూలు కన్నా తేలిగ్గా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే టైమింగ్ బెల్టు మీద అనుమానం పెట్టుకోండి. మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయొద్దు. గేరులో వేసి తోయించొద్దు. తిప్పిన కొద్దీ లోపల నష్టం పెరుగుతుంది. ప్రయాణికులను రోడ్డు పక్కకు దించి, ఇండికేటర్లు వేసి, బండిని మరో వాహనంపై గానీ, న్యూట్రల్‌లో లాగించి గానీ షెడ్డుకు చేర్చండి.

గుర్తుంచుకోండి

బెల్టా, చైనా? కాగితం ఉందా? గడువు మిగిలిందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే నిర్ణయం దానంతటదే తేలిపోతుంది. ఖాతాలో డబ్బు పడిన రోజే ఈ మూడూ చూసుకోండి.

పథకం డబ్బు జమ కాకపోయినా, పేరు జాబితాలో లేకపోయినా ఆర్సీ, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి. ఈ సమాచారాన్ని మీ స్టాండులోని తోటి డ్రైవర్లకు కూడా పంపండి.