ఎరువు రాతిలో అరుదైన లోహాలు

డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ వంటి ఎరువులకు ముడిసరుకైన రాక్ ఫాస్ఫేట్‌లో పైరుకు కావలసిన భాస్వరంతో పాటు, విద్యుత్ వాహనాల మోటార్లలోనూ గాలిమరల జనరేటర్లలోనూ వాడే బలమైన అయస్కాంతాలకు అవసరమైన నియోడిమియం, డిస్ప్రోసియం వంటి లోహాలూ స్వల్పంగా కలిసి ఉంటాయి. లాంథనం మొదలు లుటీషియం వరకు గల 15 మూలకాలనూ, వాటితో పోలిక గల ఇట్రియం, స్కాండియంలనూ కలిపి విరళ మృత్తికా మూలకాలు లేదా రేర్ ఎర్త్స్ అంటారు.

ప్రపంచంలో తవ్వుతున్న ఫాస్ఫేట్ శిలలో అధిక భాగం అవక్షేప శిల, అంటే ప్రాచీన సముద్రాల అడుగున పొరలుపొరలుగా పేరుకున్నది. అడుగుకు చేరిన జీవావశేషాలు కుళ్లినప్పుడు విడుదలైన భాస్వరం, బురద రేణువుల సందుల్లోని నీటిలో కాల్షియంతో కలిసి ఫ్రాంకొలైట్ అనే ఖనిజంగా స్ఫటికీకరిస్తుంది. విరళ మృత్తికల అయాన్లు, అంటే విద్యుదావేశం గల పరమాణువులు, పరిమాణంలో కాల్షియం అయానుకు దగ్గరగా ఉండటం వల్ల స్ఫటికంలో దాని స్థానాన్ని ఆక్రమించగలుగుతాయి; అలా అదనంగా చేరిన ధనావేశాన్ని మరొక కాల్షియం స్థానంలో చేరే సోడియం సరిచేస్తుంది. బతికి ఉన్న చేప ఎముకలో ఈ లోహాలు దాదాపు ఉండవు. చేప చనిపోయి ఎముక సముద్రగర్భానికి చేరిన తరువాతే అది నీటి నుంచి వాటిని గ్రహిస్తుంది కనుక, అవక్షేపం నెమ్మదిగా పేరుకున్న చోట్ల, ఎముక నీటిని అంటిపెట్టుకుని ఎక్కువ కాలం ఉన్న చోట్ల వాటి మోతాదు పెరుగుతుంది. ఒక్క సీరియం తీరు వేరు. ప్రాణవాయువు ఉన్న నీటిలో అది ఆక్సీకరణం చెంది ముందే వేరైపోతుంది కాబట్టి, శిలలోని సీరియం కొరతను బట్టి నాటి సముద్రంలో ప్రాణవాయువు ఉండేదని శాస్త్రజ్ఞులు గుర్తించగలుగుతున్నారు.

సాధారణంగా ఈ శిలలో విరళ మృత్తికలు టన్నుకు కొన్ని వందల గ్రాములకు మించవు. కేవలం వాటికోసమే గని తవ్వితే గిట్టుబాటు కాదు. అయితే ఎరువు కోసం ఆ శిలను ఎలాగూ తవ్వి, పొడిచేసి, ఆమ్లంలో కరిగిస్తున్నారు. అమెరికాలోని 23 ఫాస్ఫేట్ నిక్షేపాలను పరిశీలించి 2015లో ఆ దేశ భూగర్భ సర్వే శాస్త్రజ్ఞులు ప్రచురించిన అధ్యయనంలో, సజల ఆమ్లాలతోనే దాదాపు మొత్తం లోహాలు వెలికివచ్చినట్లు తేలింది. ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకలో లభించే మోనజైట్‌లో విరళ మృత్తికలు ఎంతో సమృద్ధిగా ఉన్నప్పటికీ, సులభంగా కరగని ఆ ఖనిజాన్ని ఛేదించడంతో పాటు అందులోని రేడియోధార్మిక థోరియంను భద్రపరచవలసిన బాధ్యత కూడా ఉంటుంది.

చిక్కు కర్మాగారంలో ఉంది. శిలపై సల్ఫ్యూరిక్ ఆమ్లం పనిచేసినప్పుడు ఫాస్ఫారిక్ ఆమ్లంతో పాటు ఫాస్ఫోజిప్సం అనే తెల్లని వ్యర్థం, ప్రతి టన్ను భాస్వర పెంటాక్సైడ్‌కు సుమారు 5 టన్నుల చొప్పున ఏర్పడుతుంది; ప్రస్తుతం విస్తృతంగా వాడుకలో ఉన్న పద్ధతిలో విరళ మృత్తికల్లో ఎక్కువ భాగం దానిలోకే పోతుంది. ఫ్లోరిడాలో ఇటువంటి జిప్సం కొండలుగా నిలిచి ఉండగా, శిలలోని యురేనియం నుంచి పుట్టే రేడియం కూడా దానిలోనే చేరడం వల్ల దాని వినియోగంపై ఆంక్షలున్నాయి. దిగుమతి చేసుకున్న శిలతో ఫాస్ఫారిక్ ఆమ్లం తయారుచేసే విశాఖపట్నం వంటి చోట్ల కూడా ఇదే రసాయన ప్రక్రియ సాగుతుంది. జిప్సం సిమెంటులోనో రోడ్డు పునాదిలోనో కలిసిపోయాక ఆ లోహాలను తిరిగి రాబట్టే వీలుండదు కనుక, స్ఫటికం కట్టే తీరును మార్చి లోహాలను ఆమ్లంలోనే నిలిపి ఉంచి, అక్కడే ద్రావణులతో గానీ రెజిన్లతో గానీ వేరుచేయడం మేలు.