బ్లాక్ కంట్రీ, న్యూ రోడ్: ఒక నవీన ఆంగ్ల వాద్యబృందము

'రాక్' సంగీతమన్నంతనే పెద్దలు పెక్కుమంది చెవులు మూసికొందురు. పిల్లలు చెవులు నిక్కించుకొందురు. ఈ యిరుదెగలవారును ఒకచోట కూర్చుండి వినదగిన బృందమొకటి ఇంగ్లండులో కలదు. దాని పేరు 'బ్లాక్ కంట్రీ, న్యూ రోడ్'. 2018వ సంవత్సరమున ఇది యేర్పడునాటికి ఇందలి సభ్యులు ఇరువదియేండ్లకు అటునిటుగా నున్న యువతీయువకులు.

ఈ పేరునకు అర్థమేమని యడుగవచ్చును. మధ్య ఇంగ్లండులో బొగ్గుగనులకును ఇనుప కొలుములకును పేరువడసిన యొక సీమను 'బ్లాక్ కంట్రీ', అనగా నల్లసీమ, అందురు. అచ్చటి యొక క్రొత్త రహదారి పేరే యిది. అయినను ఈ బృందము ఆ సీమకు చెందినది కాదు. కేంబ్రిడ్జి ప్రాంతమునను లండనునందును రూపొందినది. వికీపీడియా యను విజ్ఞానసర్వస్వములో, కనులు మూసికొని పుట తెరచినట్లుగా, అనుకొనకుండ దొరకిన పేరునే వీరు పెట్టుకొనిరి.

వీరిది 'ఇండీ రాక్' అని చెప్పుదురు. 'ఇండీ' యనగా స్వతంత్రమైనది. పాటలను ముద్రించి అమ్ముటకు గొప్ప మూలధనము గల కంపెనీలు, ఏ పాట చెల్లునో ముందే లెక్కవేసికొని, గాయకులను ఆ త్రోవనే నడిపింప జూచుట కలదు. అట్టి కంపెనీల నాశ్రయింపక తమ యభిరుచి మేరకు పాటలు వెలువరింపవలెనని 1970వ దశాబ్దపు చివర బ్రిటనులో చిన్న సంస్థలు బయలుదేరెను. 1978లో లండనున వెలసిన 'రఫ్ ట్రేడ్ రికార్డ్స్' అట్టిదే. క్రమముగా 'ఇండీ' యను మాట వ్యాపారపద్ధతినే గాక ఒక పాటతీరును గూడ తెలుపసాగెను. మన బృందమువారి సంపుటములను ప్రకటించు 'నింజా ట్యూన్' కూడ 1990లో లండనున స్థాపింపబడిన స్వతంత్రసంస్థయే.

వీరి విశేషము వాద్యములయందే కానవచ్చును. రాక్ బృందములకు మామూలైన గిటారులు, డ్రమ్ములతోపాటు వీరికి సాక్సఫోను, వయొలిను, పియానో, అకార్డియను కలవు. వయొలిను వాయించు జార్జియా ఎలెరీ లండనునందలి గిల్డ్‌హాల్ సంగీతనాటక విద్యాలయమున జాజ్ సంగీతము నభ్యసించినది. వీరి సంగీతమున కలిసిన పాయలలో రెంటిని విడదీసి చూతము.

మొదటిది 'క్లెజ్‌మెర్'. తూర్పు ఐరోపాలోని యూదులు పెండ్లిండ్లలో వాయించుకొనిన మేళమిది. మన పిల్లలు సరళీస్వరములు నేర్చునపుడు మాయామాళవగౌళలో రిషభగాంధారముల నడుమ ఒక పెద్ద యెడమును గమనించియుందురు గదా! క్లెజ్‌మెర్‌లో తరచుగా వినవచ్చు నొక స్వరక్రమమునను సరిగా ఆ యెడమే కలదు. మన వకుళాభరణ మేళమున నుండునవే దాని స్వరములు. కావున ఈ పాటలలో కొన్ని తావులు మన చెవికి అంత పరాయివి గావు.

రెండవది 'మినిమలిజము'. ఒక చిన్న స్వరగుచ్ఛమును మరలమరల వాయించుచు, వినువాడు గుర్తింపలేనంత మెల్లగా దానిని మార్చుకొనుచు పోవుట యీ పద్ధతి. 1936లో జన్మించిన అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్ దీనికి ప్రసిద్ధుడు. మన బృందము యొక్క తొలి సంపుటి ఆరంభములో మాటలు లేని రచన యొకటి కలదు. అందు డ్రమ్ముల దరువుపై కీబోర్డు ఒకే పలుకును తిరుగవేయుచుండగా, సాక్సఫోను, వయొలిను క్లెజ్‌మెర్ పోకడతో పైకి లేచును. పాయలన్నియు ఏకమగు చోటు అది.

'ఫర్ ది ఫస్ట్ టైమ్' అను ఆ తొలి సంపుటి 2021 ఫిబ్రవరిలో వెలువడి, బ్రిటిషు పట్టికలో నాల్గవ స్థానము నందెను. మెర్క్యురీ బహుమానపు తుదిజాబితాకును ఎక్కెను. రెండవది 'యాంట్స్ ఫ్రమ్ అప్ దేర్'. అది 2022 ఫిబ్రవరి 4వ తేదీన వెలువడవలసియుండగా, సరిగా నాలుగు దినములకు ముందు, ప్రధానగాయకుడును గీతకర్తయునైన ఐజాక్ వుడ్ తన మనఃస్థితి బాగుగా లేనందున బృందమును విడుచుచున్నట్లు ప్రకటించెను. సంపుటి వెలువడి మూడవ స్థానమున నిలిచెను గాని, దానిని పాడువాడు లేడు. అమెరికా యాత్ర రద్దయ్యెను.

మిగిలినవా రార్గురు. వారి యెదుట రెండు సులభమైన త్రోవలుండెను: వేరొక గాయకుని దెచ్చి ఆ ప్రసిద్ధగీతములనే పాడించుట, లేదా బృందమును ముగించుట. వారు రెంటిని విడిచిరి. ఐజాక్ పాడిన పాటలను అతడు లేనిదే పాడమని నిశ్చయించుకొని, ఆ వేసవి ఉత్సవములకై కొద్దినెలలలో సరిక్రొత్త పాటలు కట్టిరి. జనులు చెల్లించి వినగోరినవి పాతపాటలు. వీరు వినిపించినవి ఎవరును ఎరుగనివి. ఇది వ్యాపారదృష్టికి సాహసమే.

2022 డిసెంబరులో లండను బుష్ హాలులో మూడు ప్రదర్శన లిచ్చి ఆ క్రొత్త పాటలనే ముద్రించిరి. ప్రతి ప్రదర్శనకును పాఠశాలల వార్షికోత్సవ నాటకములకువలె చేతితో చేసిన రంగాలంకరణలును వేషములును వేరువేరుగా నుండెను. 2025 ఏప్రిలులో వచ్చిన 'ఫరెవర్ హౌలాంగ్' సంపుటమున టైలర్ హైడ్, జార్జియా ఎలెరీ, మే కెర్షా అను మువ్వురు యువతులు పాటలు పంచుకొనిరి. ఆ పేరుగల పాటలో పలువురు సభ్యులు, ఇంగ్లండులో బడిపిల్లలు నేర్చుకొను రికార్డరు అను పిల్లనగ్రోవిని వాయించిరి.

పలుచోట్లనుండి సంగీతమును గ్రహించుట యొక నేర్పు. అయితే అన్నియు ఒకని గొంతుపైననే ఆధారపడియున్నచో ఆ గొంతుతోనే యది ఆగిపోయెడిది. ఈ బృందమున ప్రతివారును తమకు దెలిసినదానిని తెచ్చి నడుమ నుంచిరి. అందుచేతనే ఒకరు లేచిపోయినను పీట ఖాళీ కాలేదు. వినగోరువారు మొదట రెండవ సంపుటిని, పిదప బుష్ హాలు పాటలను వరుసగా వినవలెను. ఆ రెంటి నడుమ జరిగినదేమో అప్పుడు చెవికే తెలియును.