ఇంటర్‌కూలర్‌లోకి నూనె ఎక్కడిది?

బీర్కూర్ చుట్టుపక్కల యాసంగి వరికోతలంటే మండే ఎండ. నిజాంసాగర్ ఆయకట్టు పొలాల్లో హార్వెస్టర్లు 40 డిగ్రీలు దాటిన వేడిలోనే పొద్దంతా తిరుగుతాయి. చుట్టూ పొట్టు, దుమ్ము. కల్లాల నుంచి ధాన్యం మోసే లారీలదీ అదే పరిస్థితి. ఈ బండ్లలో చాలావాటికి టర్బో ఉంటుంది. దాని వెంట ఇంటర్‌కూలర్ ఉంటే, బయట పొట్టు, లోపల నూనె రెండూ దానికి శత్రువులే.

టర్బో గాలిని నొక్కి ఇంజిన్‌కు పంపుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. పంక్చర్ దుకాణంలో కంప్రెసర్ తలను ముట్టుకున్నవారికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 40 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి తెస్తే, టర్బోలోని కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, వేడి దాదాపు 138 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలచన. దాన్ని 60 డిగ్రీలకు చల్లార్చగలిగితే అదే ఒత్తిడిలో సుమారు 23 శాతం ఎక్కువ గాలి సిలిండర్‌లో పడుతుంది. ఇంటర్‌కూలర్ చేసే పని ఇదే. రెక్కల మధ్య పొట్టు ఇరుక్కున్నా, లోపలి గోడలకు నూనె పూత పట్టినా చల్లదనం తగ్గుతుంది.

ఆ నూనె వచ్చే దారి ఇది: సిలిండర్‌లో మండిన గ్యాస్ కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్ ఉండే గదిలో చేరుతుంది. మన మెకానిక్‌లు దీన్ని ‘బ్యాక్ కంప్రెషన్’ అంటారు. కొత్త ఇంజిన్‌లోనూ ఇది కొద్దిగా ఉంటుంది. ఆ గ్యాస్ బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది. పోతూ పోతూ నూనె తుంపరను వెంట తీసుకెళ్తుంది. ఒకప్పుడు అది నేరుగా రోడ్డు మీదికి పోయేది. లాస్ ఏంజెలిస్‌ను పొగ కమ్మేశాక, కాలిఫోర్నియాలో 1961 మోడల్ కొత్త కార్ల నుంచి ఆ గ్యాస్‌ను మళ్లీ ఇంజిన్‌కే తాగించడం మొదలైంది. రోడ్డు బాగుపడింది, నూనె మాత్రం గాలిదారిలోకి మళ్లింది.

టర్బోలాగే గాలిని నొక్కే, కానీ బెల్టుతో తిరిగే సూపర్‌ఛార్జర్ ఉన్న కార్లు మన రోడ్ల మీద అరుదు. మెర్సిడెస్ సీ 200 కంప్రెసర్ లాంటివి కొన్ని. సూపర్‌ఛార్జర్లకు ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని వీ ఆకారపు ఇంజిన్లలో నీటితో చల్లబడే ఇంటర్‌కూలర్ సూపర్‌ఛార్జర్‌తో పాటు ఇంజిన్ నడినెత్తినే కూర్చుంటుంది. బండి ఆపాక కింది వేడంతా దానికే ఎక్కుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లోకి వెళ్లే గాలిలో నూనె ఆవిరి కలిస్తే ఆక్టేన్ తగ్గి ఇంజిన్ కొట్టుకుంటుంది కూడా.

ఇంటర్‌కూలర్ కింది హోస్ విప్పితే నల్లటి నూనె కారిందనుకోండి. వెంటనే వినిపించే తీర్పు: ‘టర్బో పోయింది.’ తొందరపాటు తీర్పు అది. బ్రీదర్ పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగదు, మంచి సీలును కూడా దాటి గాలిదారిలోకి వస్తుంది. పొట్టుతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా కంప్రెసర్ వైపు పీల్పు పెరిగి ఆయిల్‌ను లాగుతుంది. కోతల సీజన్‌లో ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇవి రెండూ చూడకుండా కొత్త టర్బో బిగిస్తే అదీ నూనె కక్కుతుంది.

పైపులో పలచని జిడ్డు సహజమే. గిన్నెడు నూనె కారితే కాదు. లోపల నిలిచిన నూనెను డీజిల్ ఇంజిన్ ఒక్కసారి పీల్చుకుంటే, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తి పగిలిపోయే ప్రమాదం ఉంది. లోపల కడగడానికి వాడిన కిరోసిన్ పూర్తిగా ఆరకముందే బిగించినా అదే ముప్పు.

బ్రీదర్ పైపు దారిలో నూనెను పట్టుకునే క్యాచ్ క్యాన్ బిగించుకోవచ్చు. లోపల జల్లెడ, అడ్డుపలకలు ఉన్నదే పనికొస్తుంది. ఖాళీ డబ్బా దండగ. నిండకముందే ఒంపాలి, పైపు సన్నగా ఉండకూడదు. రింగులు అరిగిన ఇంజిన్‌కు మాత్రం ఇది మందు కాదు, బోరు పని చేయించాల్సిందే.

బయటి పొట్టును ఇంజిన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టి దులపండి. నీటి ప్రెషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగుతాయి. ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందును మాత్రం మరవద్దు, పొట్టు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే.